పర్షియన్ బెంచీ నుంచి ఫ్రెంచి తరగతి దాకా

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో చదువుతున్న రోజుల్లో భీమరావు అంబేద్కర్ ద్వితీయ భాషగా సంస్కృతం తీసుకోవాలనుకున్నారు. అంటరానివాడికి ఆ భాష చెప్పేది లేదని పండితుడు నిరాకరించాడు. అంతకుముందు ఆయన అన్నకూ ఇదే అనుభవం. గత్యంతరం లేక పర్షియన్ తీసుకున్నారు. 1907లో మెట్రిక్యులేషన్ గట్టెక్కింది ఆ భాషతోనే. తరువాత కళాశాలలోనూ పర్షియన్ చదివారు. ఈ గడ్డ మీద పుట్టిన భాష తలుపు మూస్తే, ఎక్కడో ఇరాన్ నుంచి నడిచివచ్చిన భాష బెంచీ మీద చోటిచ్చింది. మన విద్యావ్యవస్థలో ‘ద్వితీయ భాష’ అనే గడి ఏనాడూ అమాయకమైన గడి కాదు.

కథ అక్కడితో ఆగలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన చదివిన పాఠ్యాంశాల పట్టికలో ఆర్థికశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రాలతో పాటు ప్రాథమిక ఫ్రెంచి ఒకటి, ప్రాథమిక జర్మన్ ఒకటి కనిపిస్తాయి. 1921లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారు. అక్కడ సంస్కృతం చదివే ఉద్దేశం ఆయనకు ఉండేదని ఆ దశను పరిశోధించినవారు చెబుతారు. లండన్ చదువు ఒత్తిడిలో అది సాగలేదు. సంస్కృతాన్ని తరువాత సొంత శ్రమతోనే పట్టుకున్నారు. సంస్కృతాన్ని అధికార భాషగా ప్రతిపాదించినవారిలో అంబేద్కర్ కూడా ఉన్నారని 1949లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. సంస్కృతాభిమానులు ఈ వార్తను తరచూ ఉటంకిస్తారు. బొంబాయి బడిలో మూసుకున్న తలుపు సంగతి మాత్రం ఆ ఉటంకింపుల్లో కనపడదు.

నూరేళ్లు గడిచాయి. ఇప్పుడు సంస్కృతం తలుపు బార్లా తెరిచి ఉంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏ కార్పొరేట్ జూనియర్ కళాశాలకు వెళ్లినా ద్వితీయ భాష సంస్కృతమే. కులం అడగరు, ఇష్టమూ అడగరు. దీన్ని సామాజిక విజయంగా లెక్కించవచ్చా? నా అనుభవం ఒకటి చెప్పి ఆ ప్రశ్నలోకి వెళతాను.

గుంటూరు జిల్లా పల్లె నుంచి నన్ను విజయవాడలోని ఒక ప్రైవేటు కళాశాలలో చేర్చటానికి నాయన వచ్చాడు. దరఖాస్తులో రెండో భాష దగ్గర గుమాస్తా తనే ‘సంస్కృతం’ అని రాసేశాడు. నాయన కాసేపు ఆగి, గొంతు తగ్గించి, ‘అయ్యా, మావోడికి సంస్కృతం చెబుతారా?’ అని అడిగాడు. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పోయాలన్న ధర్మసూత్రాల మాట నాయన చదివి ఉండడు. మాదిగపల్లెలో పుట్టినవాడికి అది చదివితే గాని తెలియని సంగతీ కాదు. గుమాస్తా తల ఎత్తకుండానే, ‘ఇక్కడ అందరికీ అదే. మార్కులు ఊరికే వస్తాయి’ అన్నాడు. నాయన ఆ రోజు ఇంటికి గెలిచినవాడిలా వెళ్లాడు. రెండేళ్లలో నాకు ఆ భాషలో నూటికి తొంభై దాటి మార్కులు వచ్చాయి. జవాబులు ఇంగ్లీషులో రాశాను, శ్లోకాలు ముక్కున పట్టి అప్పజెప్పాను. ఈ రోజుకీ దేవనాగరిలో నాలుగు పంక్తులు తడుముకోకుండా చదవలేను. తరతరాలుగా నిషేధించిన భాష మా ఇంట్లోకి వచ్చింది నిజమే గాని, భాషగా రాలేదు. మార్కుగా వచ్చింది.

ఆ మార్కు విలువ ఎంతో చూద్దాం. ఇంటర్మీడియట్ ఎంపీసీలో రెండేళ్ల మొత్తం 1000 మార్కులు. అందులో ద్వితీయ భాషకు ఏడాదికి 100 చొప్పున 200. అంటే ఐదో వంతు. తెలుగు తీసుకున్నవాడు పద్యం ప్రతిపదార్థంతో రాయాలి, సందర్భ సహిత వ్యాఖ్యలు రాయాలి, వ్యాకరణం చేయాలి, తెలుగు మాస్టారు దిద్దుడును తట్టుకోవాలి. సంస్కృతం తీసుకున్నవాడికి ఆ బాధ లేదు. ఆ భాషకు ‘స్కోరింగ్ సబ్జెక్టు’ అని పేరు. రెండు భాషల మధ్య పది పదిహేను మార్కుల తేడా సర్వసాధారణమని అధ్యాపకులందరికీ తెలుసు.

ఎంసెట్ ర్యాంకుకు ఈ తేడాతో పని లేదు. అందులో ఇంటర్ వెయిటేజీ ఉన్న రోజుల్లో కూడా ఐచ్ఛిక విషయాల మార్కులే లెక్కించేవారు. తెలంగాణలో 2023 నుంచి అదీ లేదు. దెబ్బ తగిలేది వేరే చోట్ల. 2013 నుంచి 2016 వరకు జేఈఈ మెయిన్ ర్యాంకులో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం విలువ ఇచ్చారు. ఎన్ఐటీ, ఐఐటీ ప్రవేశాలకు ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం, లేదా తమ బోర్డులో మొదటి ఇరవై పర్సంటైల్‌లో ఉండాలన్న నిబంధన వచ్చింది. ఆ లెక్కలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు ఒక భాష కూడా ఉంటుంది. తెలంగాణలో డిగ్రీ సీట్లు ‘దోస్త్’ ద్వారా ఇంటర్ మార్కుల ఆధారంగానే నిండుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2022లో సీయూఈటీకి మారేదాకా ‘బెస్ట్ ఆఫ్ ఫోర్’ పేరిట ఒక భాషనూ మూడు విషయాలనూ కలిపి కటాఫ్ వేసేది. కటాఫ్‌లు తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది పలికిన కాలంలో భాషలో పది మార్కులు తగ్గినవాడు ఆ వరుసలో ఎక్కడా కనపడడు.

ఇప్పుడు ఎవరు ఏ భాష చదువుతున్నారో చూడాలి. తెలంగాణలో నాలుగు వందల పైచిలుకు ప్రభుత్వ జూనియర్ కళాశాలలు ఉన్నాయి. అక్కడి విద్యార్థుల్లో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, ముస్లిం పేద కుటుంబాల పిల్లలే అత్యధికం. వారి ద్వితీయ భాష ప్రధానంగా తెలుగు, కొన్నిచోట్ల ఉర్దూ, హిందీ. ప్రైవేటు కళాశాల పిల్లవాడిది సంస్కృతం. ఇక రాజధానిలోని అంతర్జాతీయ పాఠశాలల్లో, కొన్ని పేరున్న మిషనరీ కళాశాలల్లో ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ భాషలు. మూడు అంతస్తుల మేడ ఇది. కింది అంతస్తులో ఉన్నవాడు మాతృభాషను మోస్తున్నాడు, నడిమి అంతస్తులో ఉన్నవాడు మార్కులను మూటగట్టుకుంటున్నాడు, పై అంతస్తువాడు విదేశీ విశ్వవిద్యాలయానికి సమర్పించబోయే దరఖాస్తును సిద్ధం చేసుకుంటున్నాడు. తెలుగు భాషకు సేవ చేస్తున్న గౌరవం నిరుపేదలకే దక్కింది. మార్కులు కోసుకుని మరీ ఇస్తున్న గౌరవం అది!

2025లో ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో కూడా సంస్కృతం ప్రవేశపెట్టాలన్న ఆలోచన బయటికి వచ్చినప్పుడు తెలుగు భాషాభిమానులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. తెలుగును కాపాడుకోవాలన్న వారి ఆవేదన నిజాయితీగలదే. అయితే ఆ వాదంలో ఒక ఖాళీ ఉంది. మన పిల్లలూ ఆ మార్కులు ఎందుకు తెచ్చుకోకూడదని ప్రభుత్వ కళాశాల విద్యార్థి తండ్రి అడిగితే ఏం జవాబు చెప్పాలి? తమ పిల్లలను ఇంటర్‌లో తెలుగు చదివించిన భాషాభిమానులు ఎందరు? నా వరకు నేను ఆ ప్రతిపాదనకు వ్యతిరేకినే. కారణం తెలుగు మీద మమకారం ఒక్కటే కాదు. దొంగ తక్కెడ ఉందని తెలిసినప్పుడు తక్కెడను సరిచేయాలి గాని, అందరికీ దొంగ తక్కెడలు పంచిపెట్టటం న్యాయం కాదు. ద్వితీయ భాష మార్కులను భాషల మధ్య సమానీకరించటమో, ప్రవేశాల లెక్క నుంచి తప్పించటమో చేస్తే సంస్కృతం మీద ఈ అకాల భక్తి ఒక్క విద్యా సంవత్సరంలో చల్లారిపోతుంది. అప్పుడు మిగిలే కొద్దిమంది నిజంగా సంస్కృతం నేర్చుకుంటారు. ఆ భాషకూ అదే మేలు.

పై అంతస్తు సంగతి వేరు. అక్కడి అసమానత మార్కులతో కొలిచేది కాదు. అమెరికాలోని ఎంపిక కఠినంగా ఉండే విశ్వవిద్యాలయాలు హైస్కూలులో ఒకే విదేశీ భాషను మూడు నాలుగేళ్లు చదివి ఉండటాన్ని మంచి లక్షణంగా చూస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రెండేళ్లు తప్పనిసరి అంటుంది, మూడేళ్లు చదివితే మేలంటుంది. ఇంటర్నేషనల్ బాకలోరియా డిప్లొమాలో రెండో భాష చదవకుండా పట్టా రాదు. హైదరాబాద్‌లో ఆ డిప్లొమా చదివించాలంటే ఏడాది ఫీజు లక్షల్లో మాట. ఇక్కడ ఒక విచిత్రం కూడా చెప్పుకోవాలి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులలో వారాంతపు బడిలో నేర్చుకున్న తెలుగునే ‘ప్రపంచ భాష’గా గుర్తించి క్రెడిట్ ఇస్తున్నారు. ఆ వలస కుటుంబాల్లో అధికభాగం ఏ సామాజిక వర్గాలవో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇక్కడ మార్కుల కోసం తెలుగును వదిలేసి సంస్కృతం రాసిన తరమే అక్కడ క్రెడిట్ కోసం పిల్లలకు తెలుగు నేర్పిస్తోంది. పిల్లలకు తెలుగు వస్తున్నందుకు సంతోషమే. ఇక్కడ ఆ భాషలో ఎనభై మార్కులు తెచ్చుకుని సీటు పోగొట్టుకున్న పాలమూరు పిల్లకు మాత్రం తన భాష ఇంకో ఖండంలో ఆస్తిగా లెక్కకు వస్తోందని తెలియదు.

విదేశీ భాషల చదువు పెద్దింటి విలాసమని కొట్టిపారేసే ధోరణి మన ఉద్యమ శిబిరాల్లోనూ ఉంది. నేను దాన్ని అంగీకరించను. ఇంగ్లీషు విషయంలో జోతిరావు ఫూలే కాలం నుంచి దళిత బహుజన ఆలోచనాపరులు ఒక స్పష్టతతో ఉన్నారు. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీ జిల్లా బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ చొరవతో ‘ఇంగ్లీషు దేవత’కు గుడి కట్టే ప్రయత్నం జరిగినప్పుడు నవ్వినవారున్నారు. నవ్వినవారి పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నారో ఆరా తీస్తే నవ్వటానికి మన వంతు వచ్చేది. అయితే ఇంగ్లీషులో ఒక చిక్కుంది. ఆ భాష ఇప్పటికే కొన్ని కులాల ఇళ్లలో రెండు మూడు తరాలుగా కాపురం ఉంటోంది. తాత తహసీల్దారు, తండ్రి ఇంజనీరు అయిన ఇంటి పిల్లకూ, కూలి ఇంటి పిల్లకూ ఇంగ్లీషు తరగతి ఒకే గీత దగ్గర మొదలు కాదు.

జర్మన్, జపనీస్, కొరియన్, స్పానిష్ అలా కావు. జూబ్లీహిల్స్ పిల్లవాడి ఇంట్లోనూ, నారాయణఖేడ్ పిల్లవాడి ఇంట్లోనూ ఎవరూ జపనీస్ మాట్లాడరు. ఇద్దరూ అక్షరాల దగ్గరే మొదలుపెట్టాలి. ఉచ్చారణ చూసి కులం పసిగట్టే మాస్టారు ఆ తరగతిలో ఉండటం కష్టం. మన యాస అక్కడ ఎవరికీ తెలియదు. పుట్టుకతో వచ్చే ముందంజ ఇంత తక్కువగా ఉండే పాఠ్యాంశం మన విద్యలో మరొకటి దొరకటం అరుదు. ఒకే ఒక్క షరతు. ఆ భాషను ప్రభుత్వ సంస్థ మొదటి అక్షరం నుంచి చెప్పాలి. అంతకుముందే ఎక్కడో డబ్బిచ్చి నేర్చుకుని వచ్చినవాడికి అదనపు అర్హత కట్టబెట్టకూడదు. ఈ షరతు తప్పితే ఇంగ్లీషు కథే పునరావృతం అవుతుంది.

షరతు పాటించినప్పుడు ఏమవుతుందో చూపే ఉదాహరణ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం. దశాబ్దాల పాటు అక్కడ డిగ్రీ స్థాయిలో ప్రవేశానికి ఉన్న దారి విదేశీ భాషల బి.ఎ. ఆనర్స్ కోర్సులే. ఇంటర్‌లో ఆ భాష చదివి ఉండాలన్న నిబంధన లేదు. పైగా వెనుకబడిన జిల్లాల నుంచి వచ్చినవారికీ మహిళలకూ ‘డిప్రివేషన్ పాయింట్లు’ ఇచ్చే పద్ధతి, మధ్యలో ఎత్తేసినా, 1994లో మళ్లీ వచ్చింది. జీవితంలో ఒక్క విదేశీయుడిని కూడా చూడని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు రష్యన్‌లో, కొరియన్‌లో పట్టాలు తీసుకున్నారు. మన హైదరాబాద్‌లోనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధనా సంస్థగా మొదలై, విదేశీ భాషలను కలుపుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ చెప్పే ఆచార్యులు తార్నాకకు ఆటో దూరంలో ఉన్నారు. అదే ఊళ్లోని ఏ ప్రభుత్వ జూనియర్ కళాశాలకైనా వెళ్లి, జర్మన్ అధ్యాపకుడు ఎక్కడుంటారని అడిగి చూడండి.

2020 జాతీయ విద్యావిధానం ఉన్నత పాఠశాల దశలో కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ భాషలు అందుబాటులో ఉంచుతామంది. ఎవరికి అందుబాటులో, ఎవరి ఖర్చుతో అన్నది చెప్పలేదు. ఇలాంటి ప్రభుత్వ హామీలు ఎంత గాలివాటుగా ఉంటాయో 2014 నవంబరులో చూశాం. కేంద్రీయ విద్యాలయాల్లో మూడో భాషగా జర్మన్ చదువుతున్న సుమారు 70 వేల మంది పిల్లలకు విద్యా సంవత్సరం మధ్యలో సంస్కృతం పుస్తకం చేతికిచ్చారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కేంద్రీయ విద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. గుమాస్తాల, జవాన్ల పిల్లలు చదివే బడులవి. డబ్బున్నవారి ప్రైవేటు బడుల్లో జర్మన్ తరగతులు ఆ ఏడాది ఒక్క రోజు కూడా ఆగలేదు. అంబేద్కర్‌కు సంస్కృతం ఇవ్వనన్న వ్యవస్థే ఈ తరానికి సంస్కృతం తప్ప మరొకటి ఇవ్వనంది. రెండు సందర్భాల్లోనూ ఎంపిక హక్కు విద్యార్థి చేతిలో లేదు.

ఇందులో ఉన్నది అభిరుచి సమస్య కాదు, జీవనోపాధి సమస్య. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి ఐరోపా సంఘం బయటి విద్యార్థుల వద్ద సెమిస్టర్‌కు 1500 యూరోలు వసూలు చేస్తోంది. అమెరికా ఫీజులతో పోలిస్తే అదీ తక్కువే. కానీ అక్కడి డిగ్రీ కోర్సుల్లో అధికభాగం జర్మన్ భాషలోనే. ఇంగ్లీషులో చెప్పే పీజీ కోర్సులకు పోటీ ఎక్కువ. ఏడాది ఖర్చుకు పదకొండు వేల యూరోలకు పైగా బ్యాంకులో ముందే చూపించాలి. భాష వచ్చినవాడికి ఆ దేశం చౌక, రానివాడికి దారే లేదు. నర్సింగ్ చదివిన అమ్మాయిలదీ అదే పరిస్థితి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది. మంచి పనే. అయితే ఇరవై మూడేళ్ల వయసులో, ఇంటి అప్పుల మధ్య, నెలల తరబడి జీతం లేకుండా కూర్చుని బి1, బి2 స్థాయిలు దాటటం ఎంత కష్టమో ఆ అమ్మాయిలను అడగాలి. పదహారేళ్లకు ఇంటర్‌లో ఆ అక్షరాలు మొదలుపెట్టి ఉంటే సగం దారి అప్పటికే నడిచి ఉండేది.

అంబేద్కర్ పేరు మీదే ఉన్న విదేశీ విద్యానిధి సంగతీ ఇంతే. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ పథకం కింద తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు విదేశాల్లో పీజీ చదువుకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నారు. ఎందరి బతుకులో మార్చిన పథకం అది, సందేహం లేదు. కాని డబ్బు చివరి మెట్టు దగ్గర అందుతుంది, భాష మొదటి మెట్టు నుంచే కావాలి. అందుకే మన పిల్లలు ఇంగ్లీషు మాట్లాడే నాలుగైదు దేశాల వైపే, ఎక్కువ ఫీజుల వైపే, తరచూ ఆ 20 లక్షల మీద మరో పది లక్షల అప్పుతో వెళుతున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. గురుకులంలో జపనీస్ పెడతామని ఏ ప్రభుత్వమైనా అంటే మొదట నాకూ అనుమానమే వస్తుంది. గణితం అధ్యాపకుడి పోస్టు ఖాళీగా ఉన్న చోట జపనీస్ అధ్యాపకుడు ఎక్కడి నుంచి వస్తాడు? ప్రారంభోత్సవం ఫోటో తీసుకుని, ఒక కాంట్రాక్టు ఉద్యోగిని పెట్టి, మూడో నెలకు మరిచిపోయిన పథకాలు మనకు కొత్త కాదు. అందుకే అన్ని చోట్లా ఒకేసారి అనటం లేదు. ఉమ్మడి జిల్లాకు ఒక గురుకుల జూనియర్ కళాశాలలో, ఒక్క భాషతో, ఇఫ్లూ నుంచి పట్టా తీసుకున్న వారిని క్రమబద్ధమైన జీతంతో నియమించి మొదలుపెట్టవచ్చు. ఆ పట్టాలు తీసుకున్న దళిత బహుజన యువతీయువకులు ఇప్పుడు హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టుల్లో పరాయి దేశాల వినియోగదారుల ఫిర్యాదులు వింటున్నారు. వారిలో బోధనకు రావాలనుకునేవారు లేకపోలేదు.

దీనికన్నా ముందు జరగాల్సింది ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. ఇంటర్మీడియట్ బోర్డు దగ్గర ప్రతి విద్యార్థి యాజమాన్యం, సామాజిక వర్గం, ద్వితీయ భాష, అందులో వచ్చిన మార్కులు నమోదై ఉంటాయి. ఫలితాల రోజు జిల్లాలవారీ, బాలురు బాలికలవారీ ఉత్తీర్ణత శాతాలు విడుదల చేస్తారు. ఏ భాషలో సగటు మార్కు ఎంత, ఆ భాష చదివినవారిలో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, ప్రభుత్వ కళాశాలల వారు ఎందరు అన్న పట్టిక కూడా వచ్చే ఫలితాలతో పాటు విడుదల చేయాలని విద్యార్థి సంఘాలు బోర్డును అడగాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు.